వెనక కుడి చక్రం

13 నవంబరు 1955, ఆదివారం

పొద్దున్న ఏడింటికి మొదలుపెట్టిన పని సాయంత్రం నాలుగింటికి పూర్తయింది. మధ్యలో భోజనానికి అరగంట. కారు వెనక చక్రాలు రెండింటికీ బ్రేకు లైనింగులు నా చేత్తో నేను మార్చాను. ఎవరి సాయమూ లేదు.

డ్రైవరు ఏసోబు ఉంటే అతనే చేసేవాడు. భార్య హన్నమ్మకి పుట్టింట్లో ఆడపిల్ల పుట్టిందని కబురొస్తే నిన్న కామవరపుకోట వెళ్ళాడు. వచ్చాక తను చూస్తానని, అంతదాకా చక్రాలు విప్పవద్దని మరీ మరీ చెప్పి వెళ్ళాడు. బెజవాడ నుంచి లైనింగులు వచ్చి వారమైంది. పొట్లం విప్పకుండా బల్ల మీద చూస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు. పదిహేనేళ్ళ నుంచి ఏలూరులో మనుషుల ఎముకలు అతుకుతున్నాను. నాలుగు ఇనప బద్దలకి నాలుగు పట్టీలు రివెట్లు కొట్టి బిగించలేనా?

రేకుల షెడ్డులో జాకీ ఎత్తి ముందు ఎడమ చక్రం తీశాను. డ్రమ్ము ఊడి రావడానికి గంట పట్టింది. పాత లైనింగు రివెట్ల తలల దాకా అరిగిపోయింది. కొత్తది మధ్య నుంచి అంచులకి బిగించుకుంటూ పోవాలని కారు పుస్తకంలో ఉంది. అలాగే చేశాను. చక్కగా కూర్చుంది.

కుడి చక్రం డ్రమ్ము తీసేసరికి లోపలంతా ఆయిలు. ఇరుసులో ఉండే ఆయిలు బ్రేకు మీదికి రాకుండా ఆపడానికి అక్కడ ఒక ఉన్ని రింగు ఉంటుంది. అది చివికి ఒకచోట చిరిగింది. కొత్త రింగు నేను తెప్పించలేదు. తెప్పించాలంటే ఇంకో వారం. ఉన్నదాన్నే పెట్రోలులో కడిగి, ఆరబెట్టి, చిరిగినచోట డిస్పెన్సరీలోని బ్యాండేజీ గుడ్డ మూడు పొరలు చుట్టి లోపలికి దిగ్గొట్టాను. కాఫీ తెచ్చిన మా ఆవిడ లక్ష్మీకాంతం చూసి నవ్వింది. దీనికి కూడా కట్టు కట్టారా అంది.

పవరుపేట వీధిలో రెండుసార్లు తిప్పి చూశాను. పెడలు మీద కాలు పెడితే చాలు, కారు నిలబడిపోతోంది. చాలా రోజులకి ఇంత తృప్తిగా స్నానం చేశాను.

14 నవంబరు, సోమవారం

ఏసోబు వచ్చాడు. పాపకి జీవరత్నం అని పేరు పెట్టుకున్నారట. నేను చేసిన పని చూపించాను. కుడి చక్రం పక్కన గొంతుక్కూర్చుని వెనకవైపు వేలితో తడిమి చూశాడు.

"ఉన్ని రింగు మార్చారాండి? పాతదే అయితే కొత్త లైనింగు కూడా నానిపోద్దండి" అన్నాడు.

మార్చానన్నాను.

పూర్తిగా అబద్ధం కాదు. అది పాతరింగు లాగా లేదు కదా. అయినా ముప్పై ఏళ్ళు నిండని డ్రైవరుకి ఇంత సంజాయిషీ ఎందుకు?

19 నవంబరు

బ్రేకు దివ్యంగా ఉంది. ఏసోబు కూడా బాగుందన్నాడు.

27 నవంబరు, ఆదివారం

బెజవాడకి రింగు కోసం కార్డు రాయాలి.

2 డిసెంబరు, శుక్రవారం

కార్డు రాయలేదు.

శ్రీపర్రు దాటాక కొల్లేటి గట్టు మీద జరిగింది. లంకలో జ్వరం కేసు చూసి తిరిగి వస్తున్నాం. నాలుగు గంటలు దాటింది. ఏసోబు మెల్లిగానే నడుపుతున్నాడు. ఇది నేను ఎక్కడైనా చెప్పగలను, మెల్లిగానే నడుపుతున్నాడు. ఎదురుగా ఒక గేదె గట్టెక్కి రోడ్డు మధ్యకి వచ్చింది. బ్రేకు తొక్కాడు. కారు ఆగలేదు. వెనక భాగం ఎవరో పట్టుకుని లాగినట్టు తిరిగి, కారు ఎడమపక్కకి గుంజుకుపోయింది. ఎడమ చక్రం పట్టుకుంది. కుడిది పట్టుకోలేదు.

గట్టు ఎడమ అంచున ఒకామె చేపల గంప నెత్తిన పెట్టుకుని నడుస్తోంది.

అరుపు నాకు వినపడలేదు. ఏసోబు దిగి పరుగెత్తడం చూశాను. నేను దిగేసరికి ఆమె మట్టిలో కూర్చుని తన కాలు కేసి చూసుకుంటోంది. మోకాలి కింద ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. చుట్టూ కొరమేనులు కొట్టుకుంటున్నాయి. ఆమె నన్ను చూసి మొదట అన్నమాట, చేపలు ఏరమని.

కట్టు కట్టి, రెండు వెదురు బద్దలతో కాలు బిగించి, వెనక సీటులో పడుకోబెట్టాం. ఏలూరు దాకా ఏసోబు చేతి బ్రేకు మీదే నడిపాడు. దారిలో ఒకసారి, "బ్రేకు జారిపోయిందండి" అన్నాడు. ఆమె నాడి చూస్తున్నాను.

పేరు వరహాలమ్మ. యాభై దాటి ఉంటాయి. విధవరాలు. సత్తియ్య అని ఒక కొడుకు, కోడలు సూరమ్మ. లంకలో చేపలు పడతారు.

మా డిస్పెన్సరీ వెనక గదిలోనే ఉంచుకున్నాను. పెద్దాసుపత్రికి పంపవచ్చు. కాని నేనే చూసుకుంటాను.

3 డిసెంబరు

సబినస్పెక్టరు ఇంటికే వచ్చాడు. చాలా మర్యాద చూపించాడు. కారు ఎలా ఉంచుతారని అడిగితే, వెనక బ్రేకులకి కొత్త లైనింగులు ఈ మధ్యనే వేయించానని చెప్పాను. ఎవరిచేత అని అతను అడగలేదు. డ్రైవరు చేత వేయించితినని తనంతట తనే రాసుకున్నాడు. రాసింది చదివి వినిపించాడు. సంతకం పెట్టాను.

వేశాను అనడానికి, వేయించాను అనడానికి మధ్య ఎంత తేడా? మాటల్లో ఎవరైనా అలా అంటారు. ఇల్లు కట్టాను అంటాం, మనమా కట్టేది? ఇదీ అంతే. ఇక్కడ తిరగబడింది, అంతే.

5 డిసెంబరు, సోమవారం

కారు పోలీసుస్టేషను ఆవరణలో ఉంది. బ్రేకు ఇనస్పెక్టరు వచ్చి పెడలు తొక్కి చూసి, చక్రం విప్పమన్నాడు. ఏసోబే విప్పాడు. కొత్త లైనింగు గేరు ఆయిలులో నానిపోయి నల్లగా నిగనిగలాడుతోంది. రింగు బయటికి లాగితే గుడ్డ కూడా వచ్చింది.

ఏసోబు దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు. ఒక కొస నల్లబడలేదు. నేత కనపడుతోంది. ఏలూరులో అలాంటి గుడ్డ ఎక్కడ ఉంటుందో అతనికి తెలుసు. ఎప్పుడూ దాని కట్టలు రైలుస్టేషను నుంచి మోసుకొచ్చేది అతనే.

"డాక్టరుగారి బ్యాండేజీలు కూరావటోయ్ దీంట్లో?" అని బ్రేకు ఇనస్పెక్టరు నవ్వాడు.

ఏసోబు నా వంక చూశాడు.

నేను కళ్ళజోడు తుడుచుకుంటున్నాను. చాలాసేపు తుడుచుకున్నాను. పెట్టుకుని చూసేసరికి అతను తల దించుకుని ఉన్నాడు. బ్రేకు ఇనస్పెక్టరు కాగితం మీద రాసేసుకున్నాడు. లైసెన్సు తీసేసుకున్నారు. కేసు పెట్టారు. జామీనుకి నేనే నిలబడ్డాను. స్టేషనులో అందరూ ఇలాంటి యజమాని ఉండడని అనుకున్నారు.

ఇంటికి వచ్చి లక్ష్మీకాంతంతో చెప్పాను. ఇప్పుడు బయటపెడితే మీ చేతి మీద నమ్మకంతో వచ్చేవాళ్ళు ఎవరూ రారు, నోరు మెదపకండి అంది. ఆమె మాట కాదనలేకపోయాను.

6 డిసెంబరు

వరహాలమ్మ కాలివేళ్ళు వెచ్చగా ఉన్నాయి. పెన్సిలిను ఇస్తున్నాను.

7 డిసెంబరు

వేళ్ళు వెచ్చగానే ఉన్నాయి.

కేసు తేలేదాకా రావద్దని ఏసోబుకి చెప్పాను. అతని మంచికే. మా ఇంటి చుట్టూ తిరుగుతుంటే నలుగురూ నాలుగు మాటలు అంటారు. చిత్తమండి అన్నాడు. తాళం చెవులు బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

9 డిసెంబరు, శుక్రవారం

కట్టు నేనే మారుస్తున్నాను. కాంపౌండరు బాలస్వామిని చెయ్యి పెట్టనివ్వడం లేదు. గుడ్డ ఊడదీసేటప్పుడు ఎంత నొప్పి ఉంటుందో నాకు తెలుసు. వరహాలమ్మ ఓర్చుకుంటుంది. ఓర్చుకోవడానికి ఆమెకి ఒక పద్ధతి ఉంది. కట్టు విప్పినంతసేపూ ఏసోబుని తిడుతుంది. వాడి చేతులు పడిపోవాలని, వాడి ఇంట దీపం పెట్టేదిక్కు లేకుండా పోవాలని, వాడి కడుపున పుట్టేవాళ్ళకి కాళ్ళు రాకూడదని. కొత్త కట్టు వేయడం పూర్తికాగానే గొంతు మారుతుంది.

"నా పాలిట దేవుడివి బాబూ. కన్నకొడుకు ఇట్టా చూడడు. నీ పిల్లాపాపా సల్లగా ఉండాల" అంది ఇవాళ, నా చెయ్యి పట్టుకుని.

మాకు పిల్లలు లేరని ఆమెకి తెలియదు.

ఏసోబుని తిట్టవద్దని చెప్పాను. నీది మంచి మనసు బాబూ అంది.

10 డిసెంబరు

వేళ్ళు కొంచెం చల్లగా తగిలాయి. చలికాలం కదా.

11 డిసెంబరు

చల్లగానే ఉన్నాయి. రాత్రిపూట గాలి ఎక్కువగా ఉంది. కిటికీ మూయించాను.

12 డిసెంబరు

చిటికెన వేలు నల్లబడింది. దెబ్బరంగు అయి ఉంటుంది. బాలస్వామి నా ముఖం చూశాడు. పెద్దాసుపత్రిలో ఒకసారి చూపిద్దామాండి అన్నాడు. అక్కరలేదన్నాను. ఈ కాలు నిలుస్తుంది. నిలవాలి.

14 డిసెంబరు, బుధవారం

పొద్దున్న గది తలుపు తీయగానే వాసన వచ్చింది. పదిహేనేళ్ళుగా ఎరిగిన వాసన. వరహాలమ్మ ఒళ్ళు కాలిపోతోంది. మాట తడబడుతోంది.

జట్కాలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. సర్జను కట్టు విప్పి చూశాడు. మధ్యాహ్నం కోశారు. మోకాలి పైకి కోయవలసి వచ్చింది. బయటికి వచ్చాక చేతులు తుడుచుకుంటూ, "నాలుగు రోజులు ముందు తెస్తే మోకాలు మిగిలేదండీ. మీకు తెలియనిదేముంది" అన్నాడు. తప్పుపట్టినట్టు అనలేదు. అతనికి నిజంగానే అర్థం కాలేదు.

నాకు అర్థమైంది. నేను విరిచిన కాలు తీసేయమని నా నోటితో చెప్పలేకపోయాను. ఆ కాలు నిలిస్తే నేను చేసింది ఏమీ ఉండదని అనుకున్నాను. ఆమె కోసం కాదు.

15 డిసెంబరు

నిన్న బాగా అలసిపోయి రాశాను. బ్రేకు సంగతి వేరు, వైద్యం సంగతి వేరు. వైద్యంలో ఎవరికైనా పొరపాటు జరుగుతుంది. గేదె అడ్డం రాకపోతే ఇదంతా లేదు.

20 డిసెంబరు, మంగళవారం

హన్నమ్మ వచ్చింది. నేనెప్పుడూ సరిగా చూడలేదు, ఇంకా చిన్నపిల్లలా ఉంది. చంకలో నెలదాటిన పసిబిడ్డ. పెరటివైపు అరుగు మీద కూర్చుంది. లక్ష్మీకాంతం అన్నం పెట్టింది.

ఏసోబు తాడేపల్లిగూడెం వెళ్ళాడట. రైసుమిల్లులో వడ్లు ఎండబోసే పని దొరికిందట. తంగెళ్ళమూడిలో ఇల్లు ఖాళీ చేశారు. కోర్టులో చూపించుకోవడానికి మంచివాడని ఒక కాగితం రాసిమ్మని అడగడానికి వచ్చింది. ఏసోబు పంపాడా అని అడిగాను. లేదండి, నేనే వచ్చానండి అంది.

21 డిసెంబరు

కాగితం రాశాను. ఆరేళ్ళుగా ఎరుగుదునని, తాగుడు లేదని, నిజాయితీపరుడని, బండిని కన్నబిడ్డలా చూసుకుంటాడని, ఇలాంటి మనిషి అజాగ్రత్త చేశాడంటే నమ్మలేకపోతున్నానని. ఇంగ్లీషులో ఒక పేజీ. బాగా వచ్చింది. రెండుసార్లు చదువుకున్నాను. సంతకం కింద చదువూ హోదా అన్నీ వేశాను. హన్నమ్మ కళ్ళకద్దుకుని పట్టుకెళ్ళింది.

కొంత భారం తగ్గింది.

22 డిసెంబరు

తగ్గలేదు.

30 డిసెంబరు

వరహాలమ్మని లంకకి పంపారు. కొన్నాళ్ళు అటుకేసి వెళ్ళలేనని బాలస్వామి చేత మందులు పంపాను. డాట్రుబాబు ఎందుకు రాలేదని అడిగిందట.

8 జనవరి 1956, ఆదివారం

భోజనం వడ్డిస్తూ లక్ష్మీకాంతం ఆగిపోయింది. చారు గిన్నె చేతిలోనే ఉంది.

"ఏవండీ, చెప్పొద్దని ఆ రోజు అన్నది నేనే. ఇప్పుడు చెప్పమంటున్నాను" అంది.

ఇప్పుడు చెపితే ఏమవుతుందో ఆలోచించావా అన్నాను. ఆలోచించానంది. హన్నమ్మ అన్నం తింటుంటే తను ఎదురుగా నిలబడలేకపోయిందట. మజ్జిగ తెస్తానని లోపలికి వచ్చి, ఆ పిల్ల వెళ్ళేదాకా వంటింట్లోంచి బయటికి రాలేదట. ఆ సంగతి నాకు ఇవాళే తెలిసింది.

"మీరు నాకోసం ఊరుకున్నానని అనుకోకండి. ఆ మాట నేను మోయలేను" అంది.

ఈ డైరీ ఆమె చదవదు. చదవకుండానే ఎలా తెలిసింది?

ఇవాళ మొదటినుంచి అన్నీ చదివాను. నవంబరు పదమూడు నుంచి. మార్చానన్నాను, అబద్ధం కాదు అని రాశాను. వేయించాను అని రాశాను. అతని మంచికే అని రాశాను. చలికాలం కదా అని రాశాను. ఎవరూ చూడని పుస్తకంలో ఎవరికోసం ఇలా రాశాను?

22 జనవరి, ఆదివారం

రెండు వారాలు రైలెక్కలేక గడిపాను. ఇవాళ ఎక్కాను.

గూడెంలో మిల్లు స్టేషనుకి దగ్గరే. వెనక పెద్ద కళ్ళం. ఉడకబెట్టిన వడ్లు పరిచి ఉన్నాయి. పది పన్నెండుమంది వరసగా కాళ్ళతో వడ్లు తిరగేసుకుంటూ నడుస్తున్నారు. ఏసోబుని వెనకనుంచే గుర్తుపట్టాను. నన్ను చూశాడు. ఆగలేదు. ఆ వరస చివరిదాకా వెళ్ళి తిరిగి వచ్చాడు. పాదాలు పసుపురంగుకి తిరిగాయి. పంచె మోకాళ్ళ దాకా ఎగ్గట్టుకుని ఉన్నాడు.

ఆవిరి వాసనలో నిలబడి అడిగాను. "ఎందుకు చెప్పలేదు ఏసోబూ? ఆ గుడ్డ నాదని నీకు తెలుసు."

"నేను చెపితే నమ్మేదెవరండి" అన్నాడు ముందు.

తరవాత కాలితో వడ్లు సర్దాడు. "అది కూడా కాదులెండి. ఆ వేళ మీకేసి చూశాను కదండి. మీరు చెపుతారనుకున్నాను. ఆ వేళ కాకపోతే మర్నాడు చెపుతారనుకున్నాను. రోజూ అనుకునేవోణ్ణండి. హన్నమ్మ చేత కాయితం పంపారు చూడండి, నేను మంచోణ్ణని. పాస్టరుగారి చేత చదివించుకున్నాను. అప్పటినుంచి అనుకోవడం మానేశాను."

నేను కోర్టులో చెపుతానన్నాను.

"చెప్పండి" అన్నాడు.

ఇంకేమైనా అంటాడని నిలబడ్డాను. రింగు మార్చారా అని ఆ రోజు తను అడిగిన సంగతి ఎత్తలేదు. కోపగించుకోలేదు. పరవాలేదండి అనీ అనలేదు. ఆ ఒక్కమాట కోసమే రైలెక్కానని అప్పుడు తెలిసింది.

"ఎండ పోతోందండి, తిరగెయ్యాలి" అని వరసలోకి వెళ్ళిపోయాడు.

31 జనవరి, మంగళవారం

కోర్టులో నాకంటే ముందు బ్రేకు ఇనస్పెక్టరు సాక్ష్యం ఇచ్చాడు. గుడ్డ సంగతి చెపితే వెనక బెంచీల్లో నవ్వారు. నన్ను పిలిచారు. ప్లీడరు నా పాత వాఙ్మూలం చదివి, ఇది మీరు చెప్పినదేనా అని అడిగాడు. నేను చెప్పినదే, కాని అబద్ధమన్నాను.

లైనింగులు వేసింది నేను. చిరిగిన రింగుకి గుడ్డ చుట్టింది నేను. రింగు మార్చారా అని డ్రైవరు అడిగితే మార్చానని చెప్పింది నేను. అతను నా మాట నమ్మి బండి నడిపాడు. ఇంతే చెప్పాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఇన్నాళ్ళు ఇంత పెద్దదిగా ఉన్న విషయం నోటి దగ్గరికి వచ్చేసరికి నాలుగు వాక్యాలు.

అప్పుడే ఎందుకు చెప్పలేదని మేజిస్ట్రేటు అడిగారు. సిగ్గుపడ్డానని చెప్పాను. దేనికని అడిగారు. పని సరిగా చేతకాలేదని డ్రైవరు ముందు ఒప్పుకోవడానికి అన్నాను. ఆయన కలం ఆపి నా వంక చూశారు. అంత చిన్నదాని కోసమా అన్నట్టుంది ఆ చూపు. అంత చిన్నదాని కోసమే.

ఏసోబు మీద కేసు కొట్టేశారు. లైసెన్సు ఇచ్చేయమన్నారు. నా మీద వేరే కేసు నడుస్తుంది. నడవనీ. బయట వరండాలో ఏసోబు నాకు నమస్కారం పెట్టాడు. రోజూ పెట్టే నమస్కారమే. మళ్ళీ పనిలోకి రమ్మన్నాను. రాడు. మిల్లువాళ్ళు లారీ ఇస్తామన్నారట.

3 ఫిబ్రవరి

డిస్పెన్సరీకి ఇవాళ నలుగురే వచ్చారు. లక్ష్మీకాంతం లెక్కపెట్టలేదు. నేనే పెట్టాను.

5 ఫిబ్రవరి, ఆదివారం

లంకకి వెళ్ళాను. శ్రీపర్రు దాకా బస్సు, అక్కణ్ణుంచి తాటిదోనె. నీళ్ళు తీస్తున్నాయి. తెల్లటి పెద్దపిట్టలు గుంపులు గుంపులుగా బురద మీద నిలబడి ఉన్నాయి. దోనె నడిపే అంకయ్యకి అంతా తెలుసు. నన్ను చూడగానే ముఖం తిప్పుకున్నాడు. అయితే కోర్టు సంగతి లంకకి చేరింది, ఆమె వినేసి ఉంటుంది, నేను మళ్ళీ చెప్పనక్కరలేదేమో అనుకున్నాను. ఆ ఆలోచన రాగానే అది ఎలాంటి ఆలోచనో గుర్తుపట్టాను. ఈమధ్య గుర్తుపట్టడం వచ్చింది.

వరహాలమ్మ గుడిసె ముందు మంచం మీద కూర్చుని వల బాగుచేస్తోంది. నన్ను చూసి ముఖం విప్పారింది. బాబొచ్చాడే అని కోడల్ని కేకేసింది. ఆమెకి ఎవరూ చెప్పలేదు. సత్తియ్య చెప్పలేకపోయాడట.

నేల మీద కూర్చుని చెప్పాను. గుడ్డ సంగతి, రింగు సంగతి, అబద్ధం సంగతి. కాలు నాలుగు రోజులు ముందు తీయించి ఉంటే మోకాలు దక్కేదని కూడా చెప్పాను. ఇది కోర్టులో ఎవరూ అడగలేదు. ఆమె వల ముడి వేస్తూనే ఉంది. నేను ఆపేశాక కూడా ముడులు వేసింది. సూరమ్మ గుమ్మంలో నిలబడిపోయింది.

ముడి బిగించి అడిగింది.

"ఆ డైవరుకి పిల్లలున్నారా?"

ఒక ఆడపిల్ల, మూడో నెల అని చెప్పాను.

వల పక్కన పడేసింది. "రెండు నెలలు తిట్టాను బాబూ ఆడ్ని. పొద్దున్నా సాయంత్రం. ఆడి బిడ్డకి కాళ్ళు రాకూడదన్నాను. నీ ముందరే అన్నాను. వింటా కట్టు కట్టావు."

నేను తల దించుకున్నాను.

"నన్ను ఆడి ఇంటికి తీసుకెళ్ళు" అంది.

9 ఫిబ్రవరి, గురువారం

సత్తియ్య వీపు మీద మోసుకొచ్చి దోనెలో కూర్చోబెట్టాడు. ఏలూరు స్టేషనులో రైలెక్కించడానికి ఇద్దరం పట్టుకున్నాం. నా భుజం మీద బరువు వెయ్యనంది. సత్తియ్య మీదే వేసింది.

గూడెంలో ఏసోబు వాళ్ళది మిల్లు వెనక తాటాకుల వరసలో చివరి గది. అతను లారీ మీద వెళ్ళాడు. హన్నమ్మ ఒక్కతే ఉంది. మమ్మల్ని చూసి భయపడి బిడ్డని గుండెకి అదుముకుంది. సత్తియ్య తల్లిని గుమ్మం ముందు దింపాడు. వరహాలమ్మ చేతులు చాపింది. ఆమె ఎవరో నేను చెప్పాను. హన్నమ్మ చాలాసేపు ఇవ్వలేదు. తరవాత ఇచ్చింది.

వరహాలమ్మ పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని పొత్తిగుడ్డ విప్పింది. రెండు కాళ్ళూ చేతుల్లోకి తీసుకుని వేళ్ళు ఒక్కొక్కటే నొక్కి చూసింది. నేను ఆమె కాలివేళ్ళు చూసినట్టే. పిల్ల తన్నింది. ఇంకా గట్టిగా తన్నింది.

"తన్నవే, తన్ను" అంది వరహాలమ్మ. తను అన్నవన్నీ వెనక్కి తీసుకుంటున్నానని, గంగమ్మ తల్లి సాక్షి అని, ఒక్కటొక్కటే పేరు పెట్టి చెప్పింది. చేతులు, దీపం, కాళ్ళు. ఏదీ మరిచిపోలేదు. హన్నమ్మ ఏడవడం మొదలుపెట్టింది. నేను బయట మిల్లు గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

తిరుగు రైల్లో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. నేను ఎదురుగా. ఏలూరు దగ్గరపడుతుండగా, నన్ను కూడా తిట్టమన్నాను. అడగకూడని మాటే. అడిగాను.

నా వంక మొదటిసారి సూటిగా చూసింది.

"తిడితే నీకు బాగుంటదని నాకు తెలుసు బాబూ" అంది. మళ్ళీ కిటికీవైపు తిరిగింది.

10 ఫిబ్రవరి

ఏమీ రాయాలని లేదు.

12 ఫిబ్రవరి, ఆదివారం

కోసినచోట ఒక మూల ఇంకా మానలేదని సత్తియ్య చెప్పాడు. బాలస్వామిని పంపలేదు. నేనే వెళ్ళాను.

వరహాలమ్మ లోపలికి రమ్మనలేదు. దేవుడివనీ అనలేదు. సూరమ్మ చేత మంచం గుమ్మం బయట వాల్పించుకుని కూర్చుని, కట్టు విప్పడానికి వీలుగా తొడ ముందుకు జరిపింది. పాత గుడ్డ అంటుకుపోయింది. నీళ్ళతో తడిపి మెల్లిగా తీశాను. నొప్పి పుట్టే ఉంటుంది. ఈసారి ఆమెకి తిట్టడానికి ఎవరూ లేరు. పళ్ళు బిగించి, చివరిదాకా నా చేతులకేసే చూస్తూ కూర్చుంది.

ఎల్లుండి మళ్ళీ మార్చాలి.